ముక్కు మూసుకున్నవాళ్ళకి అమ్మబడదు

మార్జమేమి అనే ఊరొకటి ఈ భూమ్మీద ఉందని పోయిన వేసవి దాకా నాకు తెలీదు. సిసిలీ దీవికి దిగువ కొసన, సముద్రానికి ఆనుకుని, ఈ చివర నించి ఆ చివరకి పది నిమిషాల్లో నడిచెయ్యగలిగినంత ఊరు. ఇసక రంగు రాతి ఇళ్ళు, నడుమ నాపరాళ్ళు పరిచిన పెద్ద వాకిలి లాంటి ఖాళీ స్థలం, దానికి ఒక పక్క పాత చర్చి, ఇంకో పక్క ఒకప్పటి దొరగారి మేడ. చుట్టూతా ఉన్నవన్నీ జాలరుల ఇళ్ళట. ఇప్పుడు వాటిలో జాలరులు లేరు. గుమ్మాల ముందు నీలం రంగు కుర్చీలూ బల్లలూ వేసి హోటళ్ళు నడుపుతున్నారు. వందల ఏళ్ళు ఇక్కడ పెద్ద పెద్ద సూర చేపల్ని, అదే ఇప్పుడు అందరూ ట్యూనా అంటున్నారే, వాటిని పట్టి, కోసి, ఉప్పేసి, దేశదేశాలకి పంపేవారట. ఇప్పుడా చేపలు ఇటు రావడం మానేశాయి, మనుషులు రావడం మొదలుపెట్టారు. అమెరికాలో మేముండే ఫ్రీమాంట్ నించి ఐదుగురం వెళ్ళాం. నేను, మా ఆయన అప్పారావు, మా అమ్మాయి స్నేహ, ముప్పై ఏళ్ళుగా మా స్నేహితురాలైన లలిత గారు, ఆవిడ భర్త. టికెట్లు బుక్ చేసింది, హోటళ్ళు వెతికింది, ఏ పూట ఏం చూడాలో కాగితం మీద రాసింది అంతా లలిత గారే. శాంటా క్లారాలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. ఫ్రీమాంట్‌లో మమ్మల్ని ఎరిగినవాళ్ళందరి ఉద్దేశంలో మా నాన్న విశాఖపట్నంలో సీఫుడ్ ఎక్స్‌పోర్ట్ చేసిన వ్యాపారస్తుడు. ఈ మాట మొదట అన్నది మా ఆయన. అమెరికా వచ్చిన కొత్తలో ఎవరింట్లోనో తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్‌కి వెళితే, మీ మావగారేం చేస్తారండీ అని అడిగారు. ప్లేట్లో పులిహోర వడ్డించుకుంటూ అలవోకగా అనేశాడు. నేను కాదనలేదు. కాదనకపోవడం ఒకసారితో పోయేది కాదు, అది పెరుగుతుంది. ఎక్స్‌పోర్ట్ నాన్నకి తర్వాత ఒక మేడ వచ్చింది, ఒక కారు వచ్చింది, చివరికి స్నేహకి కూడా మేం ఆ తాతగారినే ఇచ్చాం. అసలు నాన్న పక్కవాళ్ళ నావ మీద వేటకి వెళ్ళేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు గాలివానకి ముందు వెళ్ళి మరి రాలేదు. అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి నన్ను చదివించింది. ఎక్స్‌పోర్ట్ అంటే నీళ్ళు దాటించడమే అయితే, మా అమ్మ కూడా రోజూ గెడ్డ దాటించేది లెండి, మోకాలి లోతు నీళ్ళలో చీర ఎగదోపుకుని.

మా పేట భీమిలి దాటాక వస్తుంది. యాభై అరవై తాటాకు కప్పుల ఇళ్ళు, ముందు ఇసక, ఆపైన సముద్రం. పొద్దున్నే నావలు ఒడ్డుకి చేరేసరికి ఆడవాళ్ళందరూ అక్కడుండాలి. వంజరాలు, పెద్ద చేపలు టవును బేరగాళ్ళ పాలు. మాకు మిగిలేవి నెత్తళ్ళు, కవళ్ళు, సావళ్ళు. అమ్మ వాటిని సముద్రం నీళ్ళతోనే కడిగేది. పెద్దవాటికి పొట్ట చీల్చి, పేగులు తీసి, రాళ్ళుప్పు కూరి తొట్టిలో పేర్చేది, మర్నాడు తీసి చాపల మీద ఎండేసేది. నెత్తళ్ళకి ఆ మర్యాదలేవీ లేవు, ఇసక మీద చల్లేయడమే. బడి నుంచి వచ్చాక కాకుల్ని తోలడం నా పని. కర్రకి నల్ల గుడ్డ కట్టి ఒక చేత్తో ఊపుతూ, ఇంకో చేత్తో లెక్కల పుస్తకం పట్టుకునేదాన్ని. అందుకే ఇప్పటికీ ఎక్కం ఏదైనా చెబుతుంటే నా కుడి చెయ్యి దానంతటదే కదులుతుంది, మా ఆయన నవ్వుతాడు. మబ్బు పట్టిందంటే పేట మొత్తం పరుగు. ఎవరి చేపలు ఎవరు ఎత్తుతున్నారో చూసుకోకుండా ముందు అన్నీ ఇళ్ళలోకి చేర్చేయడం, తర్వాత తీరిగ్గా తగువులాడుకోవడం. మా నాయనమ్మ చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ గుమ్మంలో కూచునేది. ఎండిన చేపలు రెండు తీసి చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టి చూసేది. టక్కుమంటే సరే. మెత్తగా మోగితే ఇంకో పూట ఎండాల్సిందే, అమ్మ ఎంత బతిమాలినా గంపలోకి పోనిచ్చేది కాదు.

వాసన గురించి చెప్పాలంటే, పేటలో ఉన్నన్నాళ్ళూ నాకా వాసన తెలీదు. మన ఇంటి వాసన మనకి తెలీనట్టే. తెలిసింది టవునులో హైస్కూల్లో చేరాక. నా పక్కన కూర్చున్న పిల్ల రెండో రోజు వెనక బెంచీకి వెళ్ళిపోయింది. మూడో రోజు టీచరమ్మ నన్ను కిటికీ దగ్గరకి మార్చింది, అక్కడ గాలి బాగా తగులుతుందమ్మా అని ఎంతో ప్రేమగా చెప్పింది. గాలి నాకా, మిగతావాళ్ళకా అని అర్థం కావడానికి ఇంటికెళ్ళేదాకా పట్టింది. ఆ తర్వాత నేను కుంకుడుకాయలతో తల రుద్దుకోవడం, సున్నిపిండితో చేతులు తోముకోవడం, పుస్తకాల సంచిలో మరువం రెమ్మలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. అమ్మ చూస్తుండేది. మరువం అయిపోతే అమ్మే ఎక్కణ్ణించో తెచ్చేది.

వేసవి సెలవుల్లో అమ్మతో పాటు గంప వెంబడి వెళ్ళేదాన్ని. చుట్టకుదురు మీద గంప, గంప మీద గోనెపట్టా, వీధి మొదట్లో ఒక కేక. అమ్మ గొంతు కంచు గొంతు, మూడు వీధుల అవతలకి వినబడేది. బేరం ఆడేవాళ్ళంటే అమ్మకి ఇష్టం, తిట్టేవాళ్ళన్నా పెద్ద పట్టింపు లేదు, తిరిగి నాలుగు తిట్టేది. ఒక్కటే పట్టు ఉండేది. ముక్కు మూసుకుని కొనేవాళ్ళకి అమ్మేది కాదు. చేపలు కావాలి, ఎండు చేపల పులుసు కావాలి, మనిషి మాత్రం దూరంగా ఉండాలి అనేవాళ్ళు కొందరుండేవారు. ఒకసారి ఒక పెద్ద ఆఫీసరుగారి ఇంటి అరుగు మీద గంప దించింది. ఆఫీసరుగారి పెళ్ళాం చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కాలి బొటనవేలితో సావళ్ళ కట్ట చూపించి, అది తియ్యి అంది. అమ్మ గోనెపట్టా మళ్ళీ కప్పేసింది. గంపెత్తుకుంటూ అంది:

“ముక్కు మూసుకున్నోళ్ళకి నాను అమ్మనమ్మా. ఆ ముక్కే కోసుకుని కూరొండుకో.”

ఆ రోజు మరి బేరం తగల్లేదు. ఎండ మాడిపోతోంది. నాకు ఆకలి, దానికి తోడు మండిపోతున్న కోపం. ఇంటికొచ్చేదాకా అమ్మతో పోట్లాడుతూనే ఉన్నాను, ఆవిడ గంపలో సగం కొనేది కదా, కొంగు ఎక్కడ పెట్టుకుంటే నీకెందుకు అని. గెడ్డ దగ్గర అమ్మ గంప దించి, కాళ్ళు కడుక్కుని, నా మొహం కూడా తడిచేత్తో తుడిచి ఒక్కటే మాట అంది.

“సేప సచ్చిపోనాది, దానికి సిగ్గు నేదు. నాను బతికే ఉన్నాను గదే.”

నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం కాకపోగా, ఇలాంటి మొండిదానికి కూతుర్నయ్యాను ఖర్మ అనుకున్నాను. ఆ పేటలోంచి బయటపడాలని కసిగా చదివాను. స్కాలర్‌షిప్పు వచ్చింది, హాస్టల్లో సీటు వచ్చింది, డిగ్రీ వచ్చింది. మా కులంలోనే ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు దొరికాడు, ఆ కుర్రాడికి అమెరికా దొరికింది. వచ్చాక నా పేరు కూడా చిక్కిపోయింది. ఊళ్ళో నూకరత్నాన్ని, ఇక్కడ రత్నని. ఇదంతా తప్పని నేనిప్పుడు ముక్కు చీదను. బయటపడాలనుకోవడం తప్పు కాదు. బయటపడ్డాక ఏం చేశానో అది చెప్తాను.

స్నేహకి ఐదేళ్ళప్పుడు నాకు ఉద్యోగం వచ్చింది. పిల్లని చూసుకోడానికి అమ్మని ఆరు నెలలు రప్పించాం. అప్పుడు మేం శాంటా క్లారాలో ఒక ఇరుకు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అమ్మ విమానం దిగింది, జరీ అంచు చీర, కాళ్ళకి ఎవరిచ్చారో మగవాళ్ళ బూట్లు. పెట్టె విప్పితే బట్టలు రెండు జతలు, మిగతాదంతా ఎండు నెత్తళ్ళు. పాత చీరలో చుట్టి, దాని మీద ప్లాస్టిక్కు, దాని మీద ఇంకో చీర. నా కూతురు అమెరికాలో ఉప్పుచేప లేక చిక్కిపోయిందని ఆవిడ దిగులు. నేను ఆ మూట తీసుకెళ్ళి పార్కింగ్‌లో కారు డిక్కీలో పెట్టాను. అమ్మ రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు మా ఆయన్ని అడిగి తాళం తీయించుకుని తెచ్చేసుకుంది. ఒక శుక్రవారం నేను ఆఫీస్‌కి వెళ్ళాక వేయించింది. పొగకి అలారం మోగిందట, చీపురుకర్రతో పొడిచి దాని నోరు మూయించిందట. నేనొచ్చేసరికి కర్టెన్లకి, కార్పెట్‌కి, పిల్ల జుట్టుకి అదే వాసన. మర్నాడు మా ఇంట్లో పది మందికి భోజనాలు. వాళ్ళలో లలిత గారు కూడా ఉన్నారు.

రాత్రంతా తలుపులన్నీ తీసి ఉంచాను. అగరొత్తులు కట్టలు కట్టలు ముట్టించాను. కాఫీ పొడి మూకుట్లో మాడ్చాను. అయినా లలిత గారు గుమ్మంలో అడుగుపెడుతూనే ఆగిపోయారు, ఇదేం వాసనండీ అన్నారు. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నేను ఠక్కున అన్నాను, పక్క ఫ్లాట్‌లో ఫిలిప్పీన్స్ వాళ్ళుంటారండీ, ఎండుచేపలు వేయిస్తారు అని. అయ్యో పాపం, ఎలా భరిస్తున్నారండీ అన్నారావిడ. నేను నవ్వుతూ ముక్కు రెండు వేళ్ళతో మూసుకుని చూపించాను, ఇలా అని. అందరూ నవ్వారు. సోఫాలో అమ్మ ఒళ్ళో కూచున్న స్నేహ నన్ను చూసి తను కూడా ముక్కు మూసుకుంది. మూసుకుని, చిటికెన వేలితో అమ్మని చూపించి, అమ్మమ్మ స్టింకీ అంది. మళ్ళీ నవ్వులు. పిల్లలు భలే అంటారండీ అన్నారెవరో. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ వేళ్ళకి ఇంగ్లీషు అక్కర్లేదు కదా. నేను అమ్మ మొహం వైపు చూడలేదు, చూడకుండా ఉండే పనులు వంటింట్లో చాలా ఉన్నాయి.

ఆ సాయంత్రం అంట్లు తోముతుంటే అమ్మ పక్కన నిలబడి, ఆ పక్కింటోళ్ళు కూడా సేపలోళ్ళేటి అని అడిగింది. ఎవరో ఏమో అమ్మా, నాకు తెలీదు, ఊరికే అన్నాను అన్నాను. సోమవారం నేను ఆఫీస్‌కి వెళ్ళాక అమ్మ ఒక పొట్లం కట్టుకుని పక్క ఫ్లాట్ తలుపు కొట్టింది. నేను అబద్ధమాడదామని వాడుకున్న ఆ పక్కింటామె, టెస్సీ, నిజంగానే ఎండుచేపల మనిషి. వాళ్ళ నాన్న కూడా సముద్రం మీద బతికినవాడు. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. అయినా మిగిలిన ఐదు నెలలూ స్నేహ బడికి వెళ్ళాక మధ్యాహ్నాలు ఆ ఇంట్లో వేయించుకుని, అక్కడే తినేసి, మొహం కడుక్కుని వచ్చేదట. మా ఇంట్లో మరి పొయ్యి మీద చేప పెట్టలేదు. ఇదంతా నాకు తెలిసింది అమ్మ వెళ్ళిపోయే రోజున. టెస్సీ ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చి అమ్మని పట్టుకుని ఏడ్చింది. నేను కారు ఎక్కడ పార్క్ చేశానో మర్చిపోయానని వెతుక్కుంటున్నాను. తర్వాత మూడేళ్ళకి అమ్మ పేటలో పోయింది. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు మళ్ళీ మార్జమేమి. పొద్దున్న పాత చేపల కర్మాగారం చూశాం. ఎత్తైన రాతి కమానులు, పైకప్పు లేదు, పైన ఆకాశం. చేపలు వేలాడదీసిన కొక్కేలు, పాత ఫొటోలు, ఫొటోల్లో ఆడవాళ్ళు తలగుడ్డలు కట్టుకుని, మోచేతుల దాకా ఉప్పుతో నిలబడి ఉన్నారు. ఎంత బ్యూటిఫుల్ హెరిటేజ్ కదండీ అని లలిత గారు ప్రతి ఫొటోకీ ఫొటో తీశారు. నేను ఆ ఆడవాళ్ళ చేతులు చూస్తున్నాను. మా పేటలో ఇప్పుడు రిసార్ట్ కట్టారు. టూరిస్టులకి ఇబ్బందని ఇసక మీద చేపలు ఎండేయొద్దన్నారట, మా మేనమామ కొడుకు ఫోన్‌లో చెప్పాడు. రేపో మాపో ఆ రిసార్ట్ గోడకి మా అమ్మలాంటి ఆవిడ ఫొటో ఒకటి గంపతో సహా పెడతారు, చూడండి. కంపు పోయాక అందరికీ ముచ్చటే.

భోజనానికి ముందు ఒక దుకాణంలోకి వెళ్ళాం. లోపల అడుగుపెట్టగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఉప్పు, ఎండ, కాస్త చేదుగా నూనె వాసన. గాజు బల్ల వెనక నా వయసు ఆవిడ చేప జనని, అదే గుడ్ల తిత్తిని, సన్నటి కత్తితో కాగితంలా కోస్తోంది. సూర చేప జన, ఉప్పు పట్టించి, బరువు కింద అదిమి, ఎండబెట్టింది. ముదురు గోధుమ రంగులో గట్టి దిమ్మలా ఉంది. అమ్మ కూడా జన ఇలాగే ఎండేసేది, అమ్మడానికి కాదు, పేటలో కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వడానికి. రెండు పలకల మధ్య పెట్టి పైన సన్నికల్లు ఎత్తేది. నేను ఒక దిమ్మ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాను. దుకాణం ఆవిడ కొయ్యడం ఆపి నన్నే చూసింది. చేతులతో బరువు ఎత్తినట్టు చూపించి, ఎన్నాళ్ళు అన్నట్టు వేళ్ళు విప్పాను. ఆవిడకి అర్థమైంది. తన వేళ్ళు విప్పి చెప్పింది, మళ్ళీ మడిచి, మా అమ్మయితే ఇంకా ఎక్కువ ఉంచేది అన్నట్టు భుజం వెనక్కి చూపించింది.

ఈలోగా లలిత గారు ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

“ఓ మై గాడ్, వాట్ ఎ ఫ్లేవర్! రత్న గారూ, మీరు టేస్ట్ చేసి తీరాలి. మన దగ్గర కూడా ఎండుచేపలు ఉంటాయి గానీ, ఛీ, ఆ కంపు, ఆ ఈగలు, ఆ గంపలోళ్ళు. వీళ్ళు చూడండి, ఎంత క్లాసీగా చేశారో.”

ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు క్యారేజీ పంపిన మనిషి. ఆవిడ అన్నదాంట్లో కొత్తేమీ లేదు, ఇలాంటివి ముప్పై ఏళ్ళలో ముప్పై సార్లు విని ఔనండీ అన్నాను. ఇంకోసారి అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ దుకాణం ఆవిడ ఇంకా నన్నే చూస్తోంది, ఈమె మన మనిషే అన్నట్టుగా. ఆ చూపు ముందు నా నోరు ఔనండీ అనలేకపోయింది.

“ఆ గంపలోళ్ళలో మా అమ్మ ఒకతి, లలిత గారూ,” అన్నాను. మా ఆయన వెనక నించి రత్నా, రత్నా అంటున్నాడు. “ఎక్స్‌పోర్ట్ లేదు, మేడ లేదు. మా నాన్న ఇంకొకళ్ళ నావ మీద కూలికి వెళ్ళి సముద్రంలో పోయాడు. మా అమ్మ ఎండుచేపలు నెత్తి మీద మోసి వీధి వీధీ తిరిగి అమ్మి నన్ను చదివించింది. శాంటా క్లారాలో మా ఇంట్లో మీకు కంపు కొట్టింది చూడండి, అది పక్కవాళ్ళది కాదు. మాదే.”

లలిత గారి నోట్లో ముక్క అలాగే ఉంది. వాళ్ళాయన గాజు సీసాల మీద పేర్లు చదవడం మొదలుపెట్టాడు. అయ్యో, నేనేమన్నా తప్పుగా అన్నానా అన్నారావిడ చివరికి, గొంతు చిన్నది చేసి. తప్పొప్పులు కాదండీ, నిజం చెప్తున్నాను అన్నాను.  ఆశ్చర్యంగా, నా గొంతు అమ్మ గొంతులా మూడు వీధుల అవతలకి వినబడేంత గట్టిగా వచ్చింది. బయట కుర్చీల్లో తింటున్నవాళ్ళు కూడా తలతిప్పి చూశారు. చూడనీ.

స్నేహ బయటికి వెళ్ళిపోయింది. నేను భయపడిందంతా దాని గురించే. ముప్పై మూడేళ్ళ పిల్లకి, ఇన్నాళ్ళూ నీకు చెప్పిన తాతగారు లేడే అని ఒక కొట్లో నిలబడి చెప్పాను. వెతుక్కుంటూ వెళితే రేవు గోడ మీద కూచుని ఉంది. పక్కన కూచున్నాను. యూ లైడ్ టు మీ అంది. ఔనన్నాను. డాడ్‌కి కూడా తెలుసు కదా అంది. మీ డాడ్ వాళ్ళ అమ్మ కూడా వలలు అల్లేది, ఆ సంగతి మీ డాడ్‌నే అడుగు అన్నాను.  కాలేజీలో ఎవరెవరో వాళ్ళ తాతమ్మల కథలు చెప్పుకుంటుంటే తన దగ్గర ఒక మేడ, ఒక కారు తప్ప మనుషులు లేరని, ఎందుకో అర్థమయ్యేది కాదని అంది. నేను తిట్లకి సిద్ధపడి కూచున్నాను. అది తిట్టలేదు, నాకు తెలీని సంగతి ఒకటి చెప్పింది.

“అమ్మమ్మ ఉన్నప్పుడు, నేను స్కూల్ నుంచి వచ్చే టైంకి లెమన్ కట్ చేసి చేతులకి రబ్ చేసుకునేది. ఎల్బోస్ దాకా. అది అయ్యాకే నన్ను ఎత్తుకునేది. ప్రతి రోజు. నేను అది ఏదో ఇండియన్ థింగ్ అనుకున్నా.” నా వైపు తిరిగింది. “అమ్మా, నేను స్టింకీ అన్నానని నువ్వు ఎప్పుడో జోక్‌లా చెప్పావు కదా. అందుకేనా?”

ఆ ఆరు నెలలూ నేను ఆ టైంకి ఆఫీస్‌లో ఉండేదాన్ని. ఫ్రిజ్‌లో నిమ్మకాయలు ఎందుకు నిలవడం లేదో నాకెప్పుడూ తట్టలేదు. ఆఫీసరుగారి పెళ్ళాం అరుగు మీద నించి గంపెత్తుకుని, ఆకలితో, ఎండలో ఇంటికి నడిచిన మనిషి. ఆవిడ్ని నా ఇంట్లో, ఐదేళ్ళ పిల్ల కోసం చేతులు రుద్దుకునేలా చేశాను.

“అందుకే,” అన్నాను. “కానీ నీ వల్ల కాదు. ముక్కు మూసుకోవడం నీకు నేర్పింది నేను.”

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్ళంతా కోపం వచ్చింది, నా మీద, ఆ కిటికీ పక్క సీటు మీద, పులిహోర ప్లేటు మీద, మరువం రెమ్మల మీద, చచ్చిపోయాక గానీ ఎవరికీ గౌరవం ఇవ్వని ఈ లోకం మీద. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు. అది ఉన్నంతసేపూ నా నడుం నిటారుగా ఉంటోంది. స్నేహ మాత్రం ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, లోపలికి వెళ్ళి ఆ దుకాణం ఆవిడ దగ్గర జన దిమ్మ ఒకటి కొనుక్కొచ్చి, ఎలా తినాలో చెప్పమంది. కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిదని చెప్తే, నాకు పెళ్ళే కాలేదు, ముందు తినడం నేర్పించు అంది.

ఫ్రీమాంట్ వచ్చాక ఉప్పుచేప వేయిస్తున్నాను. కిటికీలు తీసే వేయిస్తున్నాను, వాసన బయటికి పోవాలని కాదు, ఉక్కపోతగా ఉంటుందని. అగరొత్తులు దేవుడి దగ్గరే వెలిగిస్తున్నాను. మా ఆయన మొదటి రెండు సార్లు వీధి తలుపు వైపు చూస్తూ తిన్నాడు, ఇప్పుడు కంచం వైపు చూస్తూ తింటున్నాడు.

తిరిగొచ్చిన రెండు వారాలకి లలిత గారు ఫోన్ చేశారు. మా పాట్‌లక్ గుంపు మళ్ళీ కలుస్తోందని, తప్పకుండా రావాలని. ఆ మాటా ఈ మాటా అయ్యాక గొంతు తగ్గించారు.

“రత్న గారూ, మీరేం వర్రీ అవకండి. ఆ రోజు మీరు చెప్పిన విషయం నేను ఎవ్వరికీ చెప్పలేదు. మా ఆయన్ని కూడా ఎక్కడా అనొద్దన్నాను. అది మన మధ్యే ఉంటుంది.”

ఆవిడ మనసు మంచిదని నాకు తెలుసు. తనకి తోచిన మర్యాద తను చేస్తున్నారు. 

“చెప్పండి లలిత గారూ,” అన్నాను. “అందరికీ చెప్పండి. మా అమ్మ పేరు పోలమ్మ అని కూడా చెప్పండి.”

 అయ్యో, నేనెందుకు చెప్తానండీ, నా కడుపులో పెట్టుకుంటాను అన్నారు. ఎవరికైనా చెప్తారేమోనని నాలుగు వారాలు చూశాను. పాట్‌లక్‌కి కూడా వెళ్ళి చూశాను. మీ నాన్నగారి ఎక్స్‌పోర్ట్ బిజినెస్ ఇప్పుడెవరు చూసుకుంటున్నారండీ అని ఒకావిడ అడిగింది, నేను నోరు తెరిచేలోగా లలిత గారు చప్పున మాట మార్చేశారు. ఆవిడ నిజంగా మంచి మనిషి, ఇచ్చిన మాట తప్పదు. ఇక లాభం లేదని, మొత్తం నేనే రాసేశాను. వాళ్ళందరూ చదివేలా ఇది అచ్చు వేసి, కింద నా పేరు నూకరత్నం అని పూర్తిగా పెట్టమని పత్రిక వాళ్ళని అడుగుతున్నాను.